ఒక గౌను, మూడు నగరాలు



ఈ టపా వ్రాయటానికి కారణం గతవారం వచ్చిన ఒక ఫోను. నా పూర్వ విద్యార్థిని ఒకామె ప్రస్తుతం ఒక ప్రభుత్వోన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నది. వార్షికోత్సవానికి పిల్లలచేత ఐరోపా సాంస్కృతిక పునరుజ్జీవనం మీద ఒక చిన్న రూపకం వేయించాలని ఆమె సంకల్పం. ఫ్లారెన్సు, మిలాను, వెనీసు నగరాలు ముగ్గురు స్త్రీల రూపంలో ఒకరి తరువాత ఒకరు వేదిక మీదికి వచ్చి, తమ తమ కథలు చెప్పుకోవాలి. కాలం 1490 ప్రాంతం.

“టీచర్‌గారూ, నా దగ్గర ఒక్క గౌనుకు సరిపడా గుడ్డ ఉంది. మూడు వేషాలూ అద్దెకు తేవాలంటే పిల్లల దగ్గర డబ్బులు వసూలు చేయాలి. అది నాకు ఇష్టం లేదు. మీరు అప్పట్లో ‘వెనీసు వర్తకుడు’ వేయించారు గదా, ఏదైనా దారి చెప్పండి” అన్నది.

“నేను వేయించిన తీరును మాత్రం ఆదర్శంగా పెట్టుకోకు తల్లీ” అన్నాను నవ్వి.

నవ్వాను గానీ, ఆ నాటకం సంగతి ముందు చెప్పుకోవాలి. అది 1993. షేక్స్పియరు నాటకంలోని పేటికల ఘట్టాన్నీ, న్యాయస్థానం ఘట్టాన్నీ నేనే తెనిగించి, తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలచేత వేయించాను. సంభాషణల విషయంలో నేను చేసిన సాధన అంతా ఇంతా కాదు. ఒత్తు ఒత్తుగా, దీర్ఘం దీర్ఘంగా పలకాలి. వేషాల విషయంలో మాత్రం పట్టణంలో నాటక సామగ్రి అద్దెకిచ్చే దుకాణంవారు ఏమి ఇస్తే అదే పుచ్చుకున్నాను. పోర్షియాకు పసుపు పచ్చని శాటిను గౌను, నెరిస్సాకు ఆకుపచ్చ, జెస్సికాకు నీలం. మూడింటికీ ఒకే తళుకు అంచు. పోర్షియా తల మీద బంగారు కాగితం అంటించిన కిరీటం. వెనీసు రాజే లేని గణతంత్రమని, పోర్షియా రాకుమార్తె కాదని, ఆ కిరీటం ఎక్కడిదని నన్ను అడిగినవారు లేరు. నన్ను నేనూ అడుగుకోలేదు. చప్పట్లు మ్రోగాయి. నాకదే చాలు అనిపించింది.

వేషానికి అద్దె తలకు 60 రూపాయలు. ఎవరి వేషం అద్దె వారే తెచ్చుకోవాలి. నెరిస్సా పాత్రకు మొదట నేను ఎంపిక చేసిన పిల్ల ఉచ్చారణలో ఆ తరగతికే మేటి. ప్రదర్శనకు పది రోజుల ముందు వచ్చి, “మా అమ్మ నాటకం వద్దన్నది టీచర్” అన్నది. సభాకంపం కాబోలునని తలచి, నలుగురిలో నాలుగు మాటలన్నాను. పిరికితనం చదువుకు పనికిరాదని కూడా అన్నట్లు గుర్తు. ఆ పిల్ల తెర వెనుక నిలబడి, మరచిన వారందరికీ మాటలు అందించింది. నాటకమంతా ఆమెకు కంఠస్థం.

గతవారం ఫోనులో ఆ ప్రస్తావన వచ్చినప్పుడు ఈ అమ్మాయి అన్నది: “60 రూపాయలు లేకనే టీచర్. మా అందరికీ తెలుసు. మీకు చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది.”

ముప్పై ఏళ్ళకు పైబడి నాకు తెలియని సంగతి అది. నాకు సమాధానం చెప్పబుద్ధి కాలేదు. “రేపు ఆలోచించి చెబుతాను” అని ఫోను పెట్టేశాను. ఆలోచించి ఆమెకు చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను. ఒక్క మాటలో నా అభిప్రాయం ఇది: ఆ మూడు నగరాలకూ ఒక గౌను చాలు. డబ్బు లేదు గనుక సర్దుకుపోవటం కాదు, డబ్బున్నా చేయవలసిన పద్ధతి అదే. ఎందుకంటే ఆ కాలపు స్త్రీలు బట్టలు ధరించిన తీరుకు అదే దగ్గరగా ఉంటుంది.

పదవీ విరమణ తరువాత నాకు పట్టిన వ్యసనాలలో పాత చిత్రపటాలను పరిశీలించటం ఒకటి. నా నాటకంలోని కిరీటం ఎంత అసంగతమో ఆ పటాలు చూసిన పిమ్మటనే తెలిసింది. 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో స్త్రీ వేషానికి మూలం ఒకటే. లోపల తెల్లని నారబట్ట చొక్కా. దాని మీద ఒంటిని అంటిపెట్టుకొనే పైభాగమూ, నేలను తాకే కుచ్చెళ్ళ క్రిందిభాగమూ కలిసిన గౌను. దానిని ఫ్లారెన్సులో గమూర్రా అన్నారు, ఉత్తరాదిన కమోరా అన్నారు. పేరు మారినా వస్తువు ఇంచుమించు ఒకటే. ఇంటిపనికి ఉన్ని బట్టతో కుట్టినదే, సంపన్నుల ఇండ్లలో పట్టుతో కుట్టుకొనేవారు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి చేతులది. ఆ గౌనుకు చేతులు కుట్టి ఉండవు! అవి విడిగా ఉండి, భుజం దగ్గర లేసులతో ముడివేయబడతాయి. లేసు కొనలకు, మన బూటు లేసుల చివర ఉన్నట్లే, చిన్న లోహపు తొడుగులు. ముడికీ ముడికీ నడుమ ఖాళీలోనుంచి లోపలి తెల్ల చొక్కాను పైకి లాగి, బుగ్గలు బుగ్గలుగా కనిపించనిచ్చేవారు. ఒక గౌనుకు రెండు మూడు జతల చేతులు ఉండటం వింత కాదు. పెళ్ళికూతురి సారె జాబితాలలో చేతులను వేరే వస్తువుగా లెక్క వ్రాసేవారు. గౌను కంటె చేతుల జరీకే ఎక్కువ ఖరీదైన సందర్భాలూ ఉన్నాయి. అనగా, విడిభాగాలు మార్చి ఒకే గౌనును పలు రూపాలుగా చూపటం నేటి నాటకాలవారి పొదుపు ఉపాయం కాదు. ఆ గౌను పుట్టుకలోనే అది ఉంది.

నేను తెలుగు పండిత శిక్షణ పొందినదానిని గనుక నాకు ఈ ఏర్పాటు వ్యాకరణంలాగా కనిపిస్తుంది. గౌను ప్రాతిపదిక. చేతులు, పైవస్త్రం, తలకట్టు, మెడలోని ఆభరణం విభక్తి ప్రత్యయాలు. ‘రాముడు’ అన్నా, ‘రామునికి’ అన్నా మనిషి ఒకడే, వాక్యంలో అతని స్థానం మారింది. గౌను ఒకటే, పటంలో ఆమె ఊరు మారింది. నా 1993 నాటకంలో నేను చేసినది ఏమిటంటే, మూడు ప్రాతిపదికలు తెచ్చి ఒక్క ప్రత్యయమూ చేర్చకపోవటం. రంగులు మూడున్నాయి, అర్థం ఒక్కటీ లేదు.

ఇక ఒక్కొక్క నగరం సంగతి.

ఫ్లారెన్సుకు గుర్తు పైవస్త్రం. జోర్నేయా అని దాని పేరు. చేతులు లేకుండా, రెండు ప్రక్కలా కుట్టు లేకుండా, భుజాల మీదనుంచి ముందుకూ వెనుకకూ వ్రేలాడే జరీబట్ట. దానిని తొడుక్కుంటే లోపలి గౌను ప్రక్కలనుంచి కనిపిస్తుంది. శాంతా మరియా నొవెల్లా ఆలయంలో గిర్లాందాయో 1485-90 నడుమ చిత్రించిన గోడల మీద నిలబడి ఉన్న ఫ్లారెన్సు స్త్రీలను చూస్తే ఇది స్పష్టమవుతుంది. అతడే చిత్రించిన జొవాన్నా తొర్నబువోని పటం మాడ్రిడ్‌లో ఉంది. దాని మీద 1488 అని వ్రాసి ఉన్నది. ఆమె జుట్టు మధ్యపాపిటతో రెండుగా విడి, చెంపల మీద చిన్న చిన్న ఉంగరాలుగా జారుతుంది. తక్కినది జడలల్లి వెనుక ముడి. మెడలో సన్నని త్రాటికి ఒకే ఒక పతకం. వెనుక గోడకు పగడాల జపమాల. అంతే. అంత ధనవంతుల ఇంటి కోడలు అంత తక్కువ నగలతో ఉండటం మన కళ్ళకు వింతగా ఉంటుంది. “నీ ఫ్లారెన్సుకు పాత పట్టుచీర కొంగునూ, అంచునూ కత్తిరించి పైవస్త్రం కుట్టు. హారాలు వేయకు. ఒక్క పతకం చాలు” అని చెప్పాను.

మిలానుకు గుర్తు జడ. ఇక్కడ మన పిల్లలకు ఏ కష్టమూ లేదు. వెనుక ఒకటే పొడుగాటి జడ, దానికి పైనుంచి క్రిందిదాకా రిబ్బను చుట్టి, తల వెనుక భాగాన వలవంటి చిన్న టోపీ. నుదుటిమీదుగా అడ్డంగా ఒక సన్నని త్రాడు. ఆ జడను కొవాత్సోనే అనేవారు. ఇది మిలానుది కూడా కాదు! స్పెయినులో పుట్టి, అరగాను వంశపు రాజులు ఏలిన నేపుల్సు మీదుగా, పెండ్లి సంబంధాల వెంట మిలాను దర్బారుకు వచ్చింది. లియొనార్డో 1489-90 ప్రాంతంలో చిత్రించిన చెచీలియా గల్లెరానిని చూడండి. ప్రస్తుతం పోలెండులోని క్రాకోలో ఉన్న ఆ పటంలో ఆమె ముంగిస వంటి తెల్లని జంతువును ఎత్తుకొని ఉంటుంది. నుదుట నల్లని పట్టీ, గడ్డం క్రిందుగా వచ్చే పలుచని మేలిముసుగు, మెడలో నల్లపూసల వరుస. ఒక భుజం మీద నీలిరంగు పైవస్త్రం, మన ఉత్తరీయం మాదిరి.

ఈ వేషానికి సవరం ఒకటి, రిబ్బను నాలుగు గజాలు, నల్లపూసల దండ ఒకటి, నీలి శాలువ ఒకటి చాలును. ఒక్క జాగ్రత్త చెప్పాను: నుదుటి త్రాడును చూడగానే పిల్లలు పాపిటబిళ్ళ తగిలించాలని సరదాపడతారు. కూడదు. పాపిటబిళ్ళ నిలువు, ఆ త్రాడు అడ్డం. ఆ ఒక్క తేడాతో మిలాను కాస్తా మన పెళ్ళిపందిరి అయి కూర్చుంటుంది.

వెనీసు దగ్గరకు వచ్చేసరికి నా వ్యాకరణం నన్నే పరీక్షించింది. తెలుగులో ‘ఇల్లు’కు ‘లో’ చేర్చితే ‘ఇల్లులో’ అనము, ‘ఇంటిలో’ అంటాము. ‘ఏరు’ ‘ఏటి’ అవుతుంది. వీటిని ఔపవిభక్తికాలు అంటాము. ప్రత్యయం వచ్చి ప్రక్కన చేరితే చాలదు, ప్రాతిపదికే మారవలసి ఉంటుంది. వెనీసు అటువంటిది. 1490 నాటి వెనీసు గౌనుకు నడుము రొమ్ముకు సరిగ్గా దిగువనే ఉంటుంది. మెడ బాగా దిగి, భుజాలు వెడల్పుగా కనబడతాయి. కర్పాచ్చో చిత్రించిన ‘ఇద్దరు వెనీసు స్త్రీలు’ పటంలో ఇదంతా చూడవచ్చు. జుట్టును నడినెత్తిన కుప్పగా ముడివేసి, నుదుటి మీద చిన్న ఉంగరాలు వదిలారు. మెడలలో ముత్యాలు. ప్రక్కన నేలమీద విడిచిన ఎత్తు చెప్పులు ఉన్నాయి. చొపీన్లనే ఆ పాదుకలు మన పావుకోళ్ళకు పెద్దక్కలు. వెనీసులోని కోర్రేరు మ్యూజియంలో అర మీటరుకు చేరువైన ఎత్తున్నవి భద్రపరచి ఉన్నాయి. వాటి మీద నడవాలంటే ప్రక్కన దాసీలు పట్టుకొనవలసిందే.

ఎంత పట్టీ కట్టినా, ఎన్ని ముత్యాలు వేసినా, నడుము దగ్గర ఉన్న కుట్టు పైకి పోదు. అంచేత ఆమెకు నేను చెప్పినది ఇది: గౌనును వెనీసు కొలతకే కుట్టు. నడుము కుట్టు పైన పెట్టు. పొడవు కూడా ఎత్తు చెప్పులకు సరిపోయేటట్లు ఉంచి, తక్కిన ఇద్దరికీ లోపల టాకాలు వేసి కుదించు. ఫ్లారెన్సు వేషంలో ఆ పై నడుమును జోర్నేయా కప్పేస్తుంది. మిలాను వేషంలో శాలువ చాలావరకు కప్పుతుంది. కప్పగలిగినదానిని కప్పవచ్చు గానీ, కప్పలేనిదానిని బట్టి కుట్టుకోవాలి. ముందుభాగాన కాజాలు పెట్టి లేసుతో బిగించేటట్లు కుడితే, సన్నగా ఉన్న పిల్లకూ, కాస్త ఒళ్ళున్న పిల్లకూ అదే గౌను సరిపోతుంది. పాదుకల ఎత్తు మాత్రం రెండంగుళాలు మించనీయవద్దని గట్టిగా చెప్పాను. దాసీలుగా ఇద్దరు చిన్నపిల్లలను అటూ ఇటూ నడిపిస్తే, చరిత్రకు చరిత్రా దక్కుతుంది, మరి ఇద్దరు పిల్లలకు వేదికా దక్కుతుంది.

గౌను శాటినుది వద్దు, మెరుపు లేని దట్టమైన నూలుబట్ట, ముదురు ఎరుపు. మెరవవలసినవి ప్రత్యయాలు.

ఇప్పుడు ఆక్షేపణల సంగతి. ఇలా ఒక ప్రాంతపు గౌను మీద మరొక ప్రాంతపు అలంకారాలు పెట్టటం సంకరం కాదా, చరిత్రను కలగాపులగం చేయటం కాదా అని శుద్ధవాదులు అడుగుతారు. నేను కూడా ఒకప్పుడు శుద్ధవాదినే గనుక వారి బాధ నాకు తెలుసు. కానీ ఆ శుద్ధి ఆ కాలంలోనే లేదు. 1515లో ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిసు మాంటువా మార్క్వీసు భార్య ఇసబెల్లా దెస్తెను ఒక బొమ్మను పంపవలసిందిగా కోరాడు. తన దగ్గర ఉన్న ఆమె కుమారునిచేత ఉత్తరం వ్రాయించాడు. బొమ్మకు ఇసబెల్లా వేసుకొనే రీతిలోనే చొక్కా, చేతులు, లోపలి దుస్తులు, పై దుస్తులు, తలకట్టు, జుట్టు అలంకారం అన్నీ ఉండాలి. ఆ నమూనా చూసి ఫ్రాన్సు స్త్రీలకు కుట్టిస్తాడట. ఆ కోరికలో వేషం ఎలా విడివిడి భాగాలుగా ఉన్నదో గమనించండి. ఒక ఊరి వేషం ఒక చిన్న పెట్టెలో పట్టి, ఆల్ప్సు కొండలు దాటగలిగింది. ఆ ఇసబెల్లా తలకు చుట్టుకొనే గుండ్రని బాల్త్సోను తిత్సియానో 1530ల నడుమ చిత్రించాడు. అది అచ్చంగా మన చుట్టకుదురు. బిందె ఒక్కటే తక్కువ.

షేక్స్పియరుకు కూడా ఈ సంకరం సుపరిచితమే. ‘వెనీసు వర్తకుడు’ మొదటి అంకంలో పోర్షియా తన ఇంగ్లీషు వరుణ్ణి వేళాకోళం చేసేది దీని గురించే. అతని పై చొక్కా ఒక దేశానిది, క్రింది తొడుగు మరొక దేశానిది, టోపీ ఇంకొక దేశానిది. ఆ సంభాషణను స్వయంగా తెనిగించి కూడా, నా పోర్షియా తల మీద ఏ దేశానిదీ కాని కిరీటం పెట్టాను. చదవటం వేరు, తలకెక్కటం వేరు!

అంతేకాదు, షేక్స్పియరు కాలపు నటులు కూడా ఈ దారినే నడిచినట్లు కనిపిస్తుంది. ‘టైటస్ ఆండ్రోనికస్’ నాటకంలోని పాత్రలను చూపే ఒక పాత రేఖాచిత్రం ఉంది, పీచం పేరుతో ప్రసిద్ధం. అందులో కథానాయకుడు రోమను పద్ధతిలో వస్త్రం చుట్టుకొని ఉంటే, వెనుక నిలబడిన భటులు ఆనాటి ఇంగ్లండు దుస్తులలో ఉన్నారు. రోము అని తెలియటానికి భుజాన వస్త్రమూ, తలకు ఆకుల దండా చాలాయి. మిగిలినది ప్రేక్షకుడు పూరించుకున్నాడు.

అయితే ఈ పద్ధతికి హద్దు లేదని నేను అనను. హద్దు తెలియకపోతే నా కిరీటం వంటి పొరపాటే మరొక రూపంలో వస్తుంది. ఆల్బ్రెహ్ట్ డ్యూరరు 1495 ప్రాంతంలో ఒక చిత్రం గీశాడు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో ఉన్నది. తన ఊరు న్యూరెంబర్గు స్త్రీనీ, తాను చూసి వచ్చిన వెనీసు స్త్రీనీ ప్రక్కప్రక్కన నిలిపి చూపాడు. ఇద్దరికీ నడుము, చేతులు, మెడ, తలకట్టు ఏదీ కలవదు. ఇటలీలోని నగరానికీ నగరానికీ నడుమ ప్రత్యయాలు సరిపోతాయి గానీ, కొండలు దాటితే ప్రాతిపదిక మార్చక తప్పదు. స్పెయిను విషయంలో చిక్కు మరీ లోపలిది. 15వ శతాబ్దపు ఉత్తరార్ధంలో కస్తీయా దర్బారులో పుట్టిన బెత్తపు చుట్లు లంగాను గంటవలె నిలబెడతాయి. అరగాను రాకుమారి కేథరీను 1501లో ఇంగ్లండుకు కోడలిగా వెళ్ళినప్పుడు ఆ చుట్లు ఆమెతో వెళ్ళాయి. పైన ఏమి తగిలించినా, లోపల ఆ చుట్లు లేకపోతే స్పెయిను రాదు.

మరొక హద్దు కాలానిది. 1490 గౌను మీద 1545 నాటి ముత్యాల వల వేయరాదు. ఊరు కలిసినా ఏడు కలవదు. ఇంకొకటి, వయసూ స్థితీ. వెనీసులో 1590లో చేసరే వెచెల్లియో అచ్చువేసిన వేషాల పుస్తకంలో 400కు పైగా బొమ్మలున్నాయి. అందులో ఊరు ఒక్కటే భేదం కాదు. కన్యకు ఒక రీతి, ఇల్లాలికి ఒక రీతి, వితంతువుకు ఒక రీతి. ప్రత్యయాన్ని అర్థం తెలిసి వాడాలి. అందంగా ఉన్నదని షష్ఠీ విభక్తి తెచ్చి చతుర్థి చోట పెట్టము గదా!

ఆ చిన్న చిన్న వస్తువులు ఆ స్త్రీలకు కేవలం సరదా కూడా కావు. క్లీవ్స్ రాకుమారి ఆన్ ఇంగ్లండు వచ్చి, 1540 జనవరిలో ఎనిమిదవ హెన్రీని పెండ్లాడింది. పెండ్లినాడు తన దేశపు పద్ధతి గౌనులో ఉన్నది. కొద్ది రోజులకు ఇంగ్లీషు పద్ధతి దుస్తులతో, ఫ్రెంచి తలకట్టుతో కనిపించగా, ఆమె అందం ఇప్పుడు తెలిసివచ్చిందని చూసినవారంతా మెచ్చుకున్నట్లు చరిత్రకారుడు ఎడ్వర్డు హాల్ వ్రాశాడు. అత్తవారి ఊరి తలకట్టు పెట్టుకోవటమంటే, “నేను మీదానిని” అని నోరు తెరవకుండా చెప్పటం. పాపం, ఆరునెలలకే ఆ పెండ్లి రద్దయింది. తలకట్టు మార్చగలిగింది, రాజు మనసును మార్చలేకపోయింది. పుట్టింటి చీరకట్టునూ అత్తింటి చీరకట్టునూ ఎరిగిన మన స్త్రీలకు ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవ ఆక్షేపణ మా ఉపాధ్యాయ వర్గంనుంచే వస్తుంది. “పిల్లలకు తళుకు కావాలమ్మా, తల్లిదండ్రులకు ఫొటోలు కావాలి, మీ పరిశోధన ఎవరికి కావాలి?” అని. ఈ మాట తేలికగా కొట్టివేయతగినది కాదు. పల్లెటూరి పిల్లకు ఏడాదికి ఒక్క సాయంత్రం మెరిసిపోవాలని ఉండటం తప్పు కాదు. నా జవాబు ఏమంటే, తళుకు అద్దెకు తెచ్చినప్పుడు పిల్ల దానిని మోస్తుంది. తానే చేసినప్పుడు దానిని చదువుతుంది. జడకు రిబ్బను చుట్టిన పిల్ల అది స్పెయినునుంచి నేపుల్సు మీదుగా ఎలా వచ్చిందో మరచిపోదు. చేతులను లేసుతో కట్టిన పిల్లకు ఆ గౌను సంగతి ఎప్పటికీ గుర్తుంటుంది. పైగా, అమ్మ పాత చీర కొంగు ఫ్లారెన్సు జరీ అయినప్పుడు ఆ తల్లికి కలిగే సంతోషం ఫొటోలో తప్పకుండా పడుతుంది.

కానీ నిజం చెప్పాలంటే, ఈ వాదాలన్నిటికంటె నాకు బలంగా తోచేది 60 రూపాయల వాదం. మూడు గౌన్లు అద్దెకు తెచ్చే పద్ధతిలో, పాత్ర ఎవరిదో అద్దె నిర్ణయిస్తుంది. ఒక గౌను బడిది అయితే, పాత్రను గొంతు నిర్ణయిస్తుంది. చేయవలసినవన్నీ సవరం, పూసలు, పాత కొంగు, గుడ్డపీలికలు. ఏ ఇంట్లోనైనా ఏదో ఒకటి ఉంటుంది. ఇంట్లో ఏమీ లేని పిల్ల లేసులు అల్లుతుంది. లేసు లేకుంటే చేతులు నిలవవు గనుక ఆమె పనే అందరి పనికంటె పెద్దది. ఈ సంగతి 1993లో నాకు తెలిసి ఉంటే ఆ పిల్ల తెర ముందు ఉండేది. తెలుసుకొనే ప్రయత్నం నేను చేయలేదు. పుస్తకాలు దొరకలేదని చెప్పుకోవచ్చు గానీ, ఆ పిల్లను ప్రక్కకు పిలిచి “ఏమమ్మా, అసలు సంగతేమిటి?” అని అడగటానికి ఏ పుస్తకమూ అక్కరలేదు.

ఇదంతా మర్నాడు ఫోనులో చెప్పాను. ఆమె శ్రద్ధగా వ్రాసుకున్నది. చివరకు, “టీచర్‌గారూ, మాటలు అందించటానికి తెర వెనుక ఎవరిని పెట్టమంటారు?” అని అడిగింది.

“నువ్వే నిలబడు” అన్నాను.

ఆ అమ్మాయి నంబరు కూడా ఈమె వద్దనే తీసుకున్నాను. హైదరాబాదులో ఉంటున్నదట. నంబరు కాగితం నిఘంటువులో పెట్టుకొని నాలుగు రోజులైంది. ఇంకా ఫోను చేయలేదు. ఈ ఆదివారం చేస్తాను.

మీలో బడులలో నాటకాలు వేయించినవారు, వేసినవారు ఉంటే, తక్కువ ఖర్చుతో వేషాలు కుదిర్చిన మీ అనుభవాలు వ్రాయండి. ఆమెకు అందజేస్తాను. నేను వ్రాసినదానిలో పొరపాట్లు ఉంటే నిస్సంకోచంగా దిద్దండి. దిద్దించుకోవటం ఇప్పటికైనా నేర్చుకుంటున్నాను.

సెలవు.